కొత్త పంపు వేసినా ఆయిల్ రాని చైన్ సా: ఉద్దానం నుంచి వచ్చిన ఒక కేసు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి వైపు నుంచి ఒక కొబ్బరి రైతు తెచ్చిన చైన్ సా, అంటే చెట్లు కోసే ఇంజన్ రంపం ఇది. ఇంజన్ 32 సీసీ తరగతిది, చైన్ చుట్టూ తిరిగే బార్ 16 అంగుళాలు, చైన్‌ని తిప్పే పళ్ల చక్రం స్ప్రాకెట్‌కి ఆరు పళ్లు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కూలిపోయిన కొబ్బరి, జీడి చెట్లను కోయడానికి అప్పట్లో బయటినుంచి చాలా మెషీన్లు వచ్చాయి. పని తగ్గాక వాటిలో కొన్ని ఇక్కడే చేతులు మారాయి. ఈయనా అలాంటిదాన్నే సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. సొంత తోటలో వాడుకుంటూ, చుట్టుపక్కల అడిగినవాళ్లకి కూడా కోసిపెడుతున్నారు.

ఆయన చెప్పిన ఫిర్యాదులు మూడు. రేస్ ఇవ్వకుండా స్లోలో ఉన్నా చైన్ ఆగదు, మెల్లగా పాకుతూనే ఉంటుంది. దుంగకి ఆనించి నొక్కితే చైన్ ఆగిపోతుంది, ఇంజన్ మాత్రం అరుస్తుంది, పక్కనుంచి కాలిన వాసన వస్తుంది. ఇక మూడోది, పెట్రోలు ట్యాంకు ఖాళీ అయినా చైన్ ఆయిల్ ట్యాంకు నిండుగానే ఉంటుంది, బార్ మీద పొగ లేస్తుంది. అంతకుముందు ఇంకో షాపులో చూపిస్తే ఆయిల్ పంపు పోయిందని కొత్తది వేశారట. అయినా చుక్క రాలేదు.

"ఏటి మేస్త్రీ, పంపు కొత్తదే కదా, ఆయిలెందుకు రాదు?" అన్నది ఆయన ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. సమాధానం చెప్పాలంటే మెషీన్‌లో క్లచ్ వైపు ఏది దేన్ని తిప్పుతుందో ముందు చూడాలి.

ఈ రకం మెషీన్‌లో క్రాంక్ కొసకి, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు కొసకి, క్లచ్ బిగించి ఉంటుంది. అందులో షూలు అనే మూడు దిమ్మలు, వాటిని లోపలికి లాగిపట్టే మూడు స్ప్రింగులు. ఇంజన్ స్లోలో, అంటే నిమిషానికి దాదాపు 2800 చుట్ల దగ్గర ఉన్నప్పుడు స్ప్రింగులదే పైచేయి. రేస్ ఇచ్చేకొద్దీ షూలు స్ప్రింగుల పట్టు విడిపించుకుని బయటికి జరిగి, చుట్టూ గిన్నెలా ఉండే డ్రమ్‌ని పట్టుకుంటాయి. చుట్లు రెట్టింపైతే షూల తోపుడు నాలుగింతలు అవుతుంది. అందుకే పట్టు పడితే గట్టిగా పడాలి, లేదంటే అసలు తాకకూడదు. తాకీ తాకకుండా ఉండే ఆ మధ్య స్థితే క్లచ్‌ని కాల్చేస్తుంది. డ్రమ్‌కే స్ప్రాకెట్ ఉంటుంది, అది చైన్‌ని తిప్పుతుంది. డ్రమ్ అంచులో ఒక చిన్న గాడి ఉంటుంది. క్లచ్ వెనక ఉన్న ప్లాస్టిక్ వార్మ్ గేర్‌కి (మరలాంటి పళ్లున్న గేరు) ఒక తీగ చెయ్యి ఉంటుంది, అది ఆ గాడిలో కూర్చుంటుంది. డ్రమ్ తిరిగితే తీగ వార్మ్‌ని తిప్పుతుంది, వార్మ్ పంపుని తిప్పుతుంది. చైన్ కదిలినప్పుడే ఆయిల్ రావాలని ఇలా చేశారు. అంటే క్లచ్ జారితే ఆయిల్ తగ్గుతుంది. ఆయిల్ తగ్గితే చైన్ పట్టేస్తుంది. చైన్ పట్టేస్తే క్లచ్ ఇంకా జారుతుంది. ఆయన చెప్పినవి మూడు ఫిర్యాదులే గానీ రోగం ఒకటే. ఆ రోగం ఎక్కడ మొదలైందో పట్టుకోకుండా పార్టులు మారిస్తే అవీ అదే దారిన పోతాయి.

కవర్ తీయకముందే

ముందుగా చైన్‌ని ఆపి ఉంచే బ్రేక్ వదిలి, గ్లవ్స్ వేసుకుని చైన్‌ని చేత్తో లాగాను. కదల్లేదు. చల్లగా ఉన్న మెషీన్‌లో చైన్ బార్ కింది అంచుని తాకుతూనే చేతికి సులువుగా జరగాలి. టెన్షన్ స్క్రూ కాస్త వదులు చేయగానే జరిగింది. అంటే లోపల ఏదీ పట్టుకోలేదు, చైన్‌నే అతిగా బిగించారు. ఎందుకని అడిగితే, కోస్తుండగా చైన్ వేలాడుతోందని అప్పటికప్పుడు బిగిస్తున్నామన్నారు. వేడెక్కిన చైన్ సాగుతుంది. ఆ వేడి మీద బిగించి అలాగే వదిలేస్తే, చల్లారాక అది బార్‌ని, క్రాంక్‌ని ఒకదానివైపు ఒకటి లాగుతుంది. బేరింగులకీ చేటే. వేడి మీద బిగిస్తే పని అయ్యాక తప్పకుండా వదులు చేయాలి.

సైడ్ కవర్ తీశాక లోపలి దృశ్యం కొబ్బరి కోసేవాళ్ల మెషీన్లన్నిటిలో కనిపించేదే, కాకపోతే ఇక్కడ మోతాదు ఎక్కువ. స్ప్రాకెట్ చుట్టూ పీచు, తాడు పేనినట్టు బిగిసిపోయి ఉంది. స్క్రూడ్రైవర్‌తో ఒక కొస పట్టుకుని లాగితే నల్లటి ముద్దగా ఊడివచ్చింది. జీడి గానీ సరుగుడు గానీ కోస్తే పొట్టు ముక్కలు ముక్కలుగా రాలి బయటికి పోతుంది. కొబ్బరి మాను అలా కాదు. దానికి ఏటేటా పడే వలయాలుండవు, మానంతా నిలువుగా పీచు కట్టలే. బయటి పొర గట్టిగా, నడిమి భాగం మెత్తగా ఉంటుంది. చైన్ ఆ పీచుని కోసినంత కోస్తుంది, మిగతాది లాక్కొస్తుంది. ఆయిల్‌తో తడిసిన పీచు కవర్ లోపలంతా అతుక్కుంటుంది. దానికి తోడు ఉద్దానం ఇసుక. ఎలుకలు ఎక్కకుండా మాను చుట్టూ కొట్టిన రేకుల మేకులు కొన్ని తోటల్లో ఇంకా మానులోనే ఉన్నాయి. ఈ చైన్ పళ్లలో కొన్నిటి మొన మేకు తగిలి ఎగిరిపోయింది కూడా. మొద్దు చైన్‌తో కోయాలంటే నొక్కాలి, నొక్కితే క్లచ్ జారుతుంది.

బార్ తీసి వెలుతురుకి పెట్టి చూశాను. బార్ మొదట్లో ఆయిల్ లోపలికి వెళ్లే రంధ్రం పూర్తిగా పూడిపోయింది. గాడి అడుగున ఎండిన మసి, పీచు. బార్ ముందు కొసకి, అంటే ముక్కుకి దగ్గరగా కింది అంచు ఒకచోట నీలం తిరిగింది. అంటే ఇది ఎండు బార్ మీద చాలాకాలం నడిచింది.

ఆయిల్ పరీక్ష

బార్ లేకుండానే ఆయిల్ వస్తుందో లేదో చూడొచ్చు. పంపు సంగతి తేల్చడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. బ్రేక్ వదిలి, ఇంజన్ స్టార్ట్ చేసి, కాసేపు సగం రేస్‌లో ఉంచి, బాడీ మీద ఆయిల్ బయటికి వచ్చే సన్నటి నోరు వైపు చూడాలి. తిరిగే డ్రమ్ దగ్గరికి చొక్కా చేతులు, గుడ్డలు పోనివ్వకూడదు. ఆయిల్ ఊరుతూ కిందికి జారితే పంపు బాగున్నట్టే, తప్పు బార్‌లో ఉన్నట్టు. ఇక్కడ నోరు పొడిగా ఉంది.

ట్యాంకు మూత వదులు చేసి మళ్లీ చూశాను. ట్యాంకుకి గాలి వెళ్లే వెంట్ పూడిపోతే లోపల వాక్యూమ్ ఏర్పడి ఆయిల్ ఆగిపోతుంది, మూత వదిలితే వచ్చేస్తుంది. అప్పుడూ రాలేదు. ట్యాంకులో ఉన్నది బండ్లలోంచి తీసిన నల్లటి కాలిన ఆయిల్. పారబోసి, గొట్టం కొసనున్న జల్లెడని కొక్కెంతో బయటికి లాగి చూస్తే దాని మీద మసి మందంగా పట్టి ఉంది, అయినా ఆయిల్ దిగేంత సందు ఉంది. ఇక పంపు, లేదంటే దాన్ని తిప్పేది.

డ్రమ్ వెనక

డ్రమ్‌ని ఊడకుండా పట్టే చిన్న ఈ-క్లిప్ తీసేటప్పుడు దాని మీద బొటనవేలితో గుడ్డ అదిమిపెట్టాలి, లేకపోతే ఎగిరిపోయి మళ్లీ దొరకదు. వాషర్ తీసి డ్రమ్ బయటికి లాగాను. నా దృష్టిలో ఈ కేసు అసలు కథంతా ఆ డ్రమ్ మీదే ఉంది. అంచు చుట్టూ ముదురు నీలం, లోపలికి వస్తుంటే గడ్డి రంగు. ఉక్కు దాదాపు 230 డిగ్రీల దగ్గర గడ్డి రంగుకి, 300 డిగ్రీల దగ్గర నీలానికి తిరుగుతుంది. ఈ తరహా గేర్లకి వాడే నైలాన్ ప్లాస్టిక్కులు రకాన్నిబట్టి 220 నుంచి 260 డిగ్రీల మధ్య కరుగుతాయి. డ్రమ్ అంచు వేడంతా వార్మ్‌కి చేరకపోయినా, దాని తీగ ఆ అంచునే పట్టుకుని ఉంటుంది కాబట్టి చేరవలసినంత చేరుతుంది. డ్రమ్ లోపలి సూది బేరింగ్‌లో గ్రీజు కాలిపోయి గోధుమరంగు పొడిగా మారింది. స్ప్రాకెట్ పళ్ల మీద చైన్ తొలిచిన గాట్లు గోరు దిగేంత లోతున ఉన్నాయి. అర మిల్లీమీటరు దాటితే మార్చేయాలన్నది ఎప్పటినుంచో ఉన్న లెక్క.

క్లచ్ విప్పడానికి సిలిండర్‌లో పిస్టన్‌ని ఆపాలి. ప్లగ్ తీసి, పిస్టన్ పైకి వస్తూ ఎగ్జాస్ట్ పోర్టుని మూసేశాక, ప్లగ్ రంధ్రంలోంచి మెత్తటి నైలాన్ తాడు లోపలికి తోస్తాను, ఒక కొస బయటే ఉంచుతాను. పోర్టు తెరిచి ఉండగా తోస్తే తాడు అందులో ఇరుక్కుని తెగుతుంది. ఇక క్లచ్‌కి ఉండేది ఉల్టా మర. మామూలు బోల్టు బిగించే వైపు, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. ఈ క్లచ్ షూల పక్కన ఉలి దెబ్బల గుర్తులున్నాయి, అన్నీ రెండో వైపుకి కొట్టినవే. ఎవరో మామూలు మర అనుకుని విప్పబోయి ఇంకా బిగించారు. విప్పలేక క్లచ్‌ని అలాగే ఉంచి, దాని వెనకున్న వార్మ్ జోలికి పోకుండా పంపు వరకు మార్చినట్టున్నారు.

ఉలి వాడకుండా సరైన స్పానర్‌కి పొడవైన పైపు తొడిగి నెమ్మదిగా బలం పెడితే క్లచ్ వచ్చింది. మూడు స్ప్రింగుల్లో ఒకటి కొక్కెం దగ్గర తెగి ఉంది. ఆ షూని పట్టేది లేదు కాబట్టి స్లోలో కూడా అది డ్రమ్‌ని రాస్తోంది. చైన్ పాకడానికి కారణం ఇదే. ఆ షూ అంచు మిగతా రెండిటికంటే బాగా అరిగిపోయింది. చైన్ పాకడం ఆపాలని ఎవరో స్లో వేగాన్ని సర్దే ఐడిల్ స్క్రూ చాలా వెనక్కి తిప్పేశారు, దాంతో ఇంజన్ స్లోలో ఒక్కోసారి ఆగిపోతోంది.

దాని వెనక వార్మ్. మధ్య రంధ్రం కరిగి సాగి అండాకారంలోకి వచ్చింది, పళ్లు ఒకవైపు నున్నగా అయిపోయాయి, తీగ చెయ్యి వంగి వెనక్కి మడుచుకుపోయింది. డ్రమ్ తిరిగినా తీగకి గాడి అందదు. కొత్త పంపు తీసి దాని ఇరుసుని వేళ్లతో తిప్పి చూశాను. ఈ పంపులో ఇరుసు తిరుగుతూనే ముందుకీ వెనక్కీ జరుగుతుంది, దాని మీద చెక్కిన చదును ఒకసారి ట్యాంకు దారినీ ఒకసారి బార్ దారినీ తెరుస్తుంది. కొద్దిగా ఆయిల్ అందించగానే చిమ్మింది. పంపు నిక్షేపంగా ఉంది.

"పంపు కొత్తదే బాబూ, బాగానే ఉంది. దాన్ని తిప్పే గేరు పోయింది" అని వార్మ్ ఆయన చేతిలో పెట్టాను. అంత చిన్న ప్లాస్టిక్ ముక్క కోసమా అన్నట్టు చూశారు. మార్చాల్సిన వాటన్నిటిలోకీ చవకైనది అదే.

అంత వేడి ఎక్కడిది

చైన్ బిగువు, మొద్దు పళ్లు, పీచు, ఇవన్నీ క్లచ్‌ని జార్చేవే. కానీ డ్రమ్ చుట్టూ అంత సమంగా నీలం తిరగడానికి ఇవి చాలవనిపించింది. ఇలాంటప్పుడు నేను మెషీన్‌ని వదిలి మనిషిని అడుగుతాను. ఆయనతో వచ్చిన కుర్రాడే రోజూ స్టార్ట్ చేసేది. "ఎలా స్టార్ట్ చేస్తావో ఒకసారి చూపించు తమ్ముడూ" అని షాపులో ఉన్న ఇంకో మెషీన్ ఇచ్చాను. బ్రేక్ వేశాడు, చోక్ పెట్టాడు, తాడు లాగాడు. అక్కడిదాకా పద్ధతి ప్రకారమే చేశాడు. ఇంజన్ అందుకోగానే దాన్ని నేల మీదే వదిలి లేచి నిలబడ్డాడు. వేడెక్కాలి కదా అన్నాడు. తోటలో అయితే ఈలోపు ఏ చెట్టు కోయాలో చూసి వస్తాడట.

చోక్ స్థానం నుంచి స్టార్ట్ చేసినప్పుడు యాక్సిలరేటర్ సగం తెరుచుకునే లాక్ అయి ఉంటుంది. ఇంజన్ స్లోలో కాదు, క్లచ్ పట్టేంత వేగంలో తిరుగుతుంటుంది. బ్రేక్ పట్టీ డ్రమ్‌ని కదలకుండా పట్టుకుని ఉంటుంది. లోపల షూలు ఆగిన డ్రమ్‌ని గీరుతూ తిరుగుతుంటాయి, ఆ శక్తంతా వేడిగా మారుతుంది. అందుకే ఇంజన్ అందుకోగానే ఒక్కసారి యాక్సిలరేటర్ నొక్కి వదలాలి. లాక్ విడిపోయి ఇంజన్ స్లోలోకి వస్తుంది. తర్వాత బ్రేక్ వదలాలి. ఈ ఒక్క అలవాటు వల్ల పోయే క్లచ్‌లు, వార్మ్‌లు నా చేతికి తరచుగా వస్తుంటాయి. మెషీన్ అమ్మేటప్పుడు దీన్ని చేసి చూపించేవాళ్లు తక్కువ, సెకండ్ హ్యాండ్‌లో అయితే చెప్పేవాళ్లే ఉండరు. కుర్రాడిని తిట్టాల్సిన పని లేదు. అతనికి ఎవరూ చెప్పలేదంతే.

మార్చినవి, ఉంచినవి

డ్రమ్, స్ప్రాకెట్, సూది బేరింగ్, చైన్ అన్నీ కలిపే మార్చాను. అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త చైన్ వేస్తే చైన్ త్వరగా పోతుంది, పాత చైన్ కింద కొత్త స్ప్రాకెట్ వేస్తే స్ప్రాకెట్ పోతుంది. క్లచ్ విషయంలో మాత్రం కాస్త ఆలోచించాను. స్ప్రింగులు మూడూ మార్చి షూలు ఉంచేస్తే ఖర్చు తగ్గేది. కానీ ఒక షూ మిగతావాటికంటే తక్కువ మందంలో ఉంటే తూకం తప్పుతుంది, క్రాంక్ అదురుతుంది. అందుకే క్లచ్ మొత్తం కొత్తది వేశాను. షూలు మూడూ సమంగా అరిగి ఉంటే స్ప్రింగుల సెట్టుతో సరిపెట్టేవాణ్ణి. ఒక్క స్ప్రింగు మాత్రం ఎప్పుడూ మార్చను, ఒకటి కొత్తది రెండు పాతవి ఉంటే షూలు ఒకేసారి లేవవు.

పంపు అదే ఉంచాను. బార్ కూడా ఉంచాను. నీలం తిరిగినచోట అంచు కాస్త మెత్తబడి ఉండొచ్చు, కానీ గాడి సాగలేదు. రంధ్రాన్ని తీగతో, గాడిని సన్నటి హాక్సా బ్లేడు ముక్కతో శుభ్రం చేసి, అంచుల మీద లేచిన గరుకు ఆకురాయితో తీసి, తిరగేసి వేశాను.

క్లచ్ వెనక క్రాంక్ చుట్టూ గాలి చొరబడకుండా ఆపే రబ్బరు సీల్‌ని ఈ కేసులో వదిలేయకూడదు. అంత వేడికి రబ్బరు గట్టిపడి పగిలితే గాలి లోపలికి పీల్చుకుంటుంది. అప్పుడు ఇంజన్ వేగం దానంతటదే పెరుగుతుంది, క్లచ్ కొత్తదైనా చైన్ పాకుతుంది. పిస్టన్ పోవడానికి కూడా అదే దారి. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మూసి లోపలికి 0.5 బార్ (ఇది గాలి ఒత్తిడి కొలత) ఒత్తిడి ఎక్కించి చూశాను, నిలిచింది. వాక్యూమ్ పెట్టినా నిలిచింది. సీల్ బాగుంది. బ్రేక్ పట్టీ పలచబడలేదు గానీ ఆయిల్‌లో నాని ఉంది. పెట్రోలుతో కడిగి పూర్తిగా ఆరబెట్టాకే వేశాను.

బిగింపులో జాగ్రత్త పడాల్సింది ఒక్కచోటే, అది తీగ. కొత్త వార్మ్ క్రాంక్ మీద ఎక్కించి, దాని మీది వాషర్ పెట్టి, క్లచ్‌ని ఉల్టా మరలో బిగించి, సూది బేరింగ్‌కి వేడిని తట్టుకునే గ్రీజు కొంచెమే రాసి డ్రమ్ పెట్టాలి. గ్రీజు ఎక్కువైతే షూల మీదికి చిమ్ముతుంది. డ్రమ్‌ని లోపలికి మెల్లగా అదుముతూ వేలితో తిప్పుతుంటే ఒకచోట తీగ కొస టక్కున గాడిలో పడుతుంది. పడ్డాక డ్రమ్‌ని అటూ ఇటూ తిప్పి వార్మ్ కూడా కదులుతోందా అని పక్కనుంచి టార్చి వేసి చూడాలి. తీగ గాడిలో పడకపోయినా డ్రమ్ కూర్చున్నట్టే ఉంటుంది, క్లిప్ కూడా పడుతుంది. స్టార్ట్ చేయగానే తీగ వంగిపోతుంది, కొత్త వార్మ్ పాడైపోతుంది.

ఇంకో మాట. డ్రమ్ లేకుండా ఇంజన్ స్టార్ట్ చేయకూడదు. షూలని ఆపేది లేక విచ్చుకుని స్ప్రింగులు సాగిపోతాయి, ముక్కలు ఎగిరి కళ్లకి తగలొచ్చు.

పరీక్ష

బార్ లేకుండా మొదట. సగం రేస్‌లో కాసేపటికే నోటి దగ్గర ఆయిల్ ఊరి బాడీ మీద గీతలా దిగింది. తర్వాత బార్, చైన్ వేసి, తెల్లటి అట్టముక్కకి జానెడు దూరంలో ముక్కు పెట్టి రేస్ ఇస్తే అట్ట మీద సన్నటి ఆయిల్ చార పడింది. ఐడిల్ స్క్రూ ముందుకి తిప్పి, ఇంజన్ ఆగకుండా, చైన్ కదలకుండా ఉండేచోట నిలిపాను. పూర్తి రేస్‌లో, బ్రేక్ పడేలా ముందున్న గార్డుని మణికట్టుతో తోస్తే చైన్ వెంటనే ఆగింది. షాపు వెనక పడేసిన కొబ్బరి మొద్దు కోసి చూశాం. నొక్కకుండానే దిగింది, పొడి కాదు, పొడవాటి పీచు ముక్కలు వచ్చాయి. ఒక ట్యాంకు పెట్రోలు అయ్యేసరికి ఆయిల్ ట్యాంకు అడుగుకి చేరింది. ఈ మెషీన్‌లో ఆ రెండూ దాదాపు కలిసే అయిపోవాలి. పెట్రోలు అయ్యాక ఆయిల్ సగానికి మించి మిగిలితే ఏదో పూడుకుపోతున్నట్టు.

కాలిన ఆయిల్ మాత్రం మళ్లీ పోయొద్దని గట్టిగా చెప్పాను. అందులో మసి, లోహపు నలక ఉంటాయి, పల్చగా ఉండి చైన్ మీద నిలవదు, పైగా చిమ్మి ఒంటి మీద పడుతుంది. చైన్ ఆయిల్ దొరక్కపోతే కొత్త 20డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్ పోసినా మన వేడికి పనికొస్తుంది. సీజన్ అయ్యాక ట్యాంకులో ఏ ఆయిలూ నిల్వ ఉంచకుండా తీసేయాలి.

కొంతకాలానికి మెషీన్ మళ్లీ వచ్చింది. ఆయిల్ తగ్గిందన్నారు. కవర్ తీస్తే బార్ రంధ్రంలో పీచు, మిగతాదంతా బాగానే ఉంది. డ్రమ్ రంగు మారలేదు, తీగ గాడిలోనే ఉంది, షూలు మూడూ సమంగా ఉన్నాయి. రంధ్రం ఎలా తీయాలో, గాడి ఎలా గీకాలో కుర్రాడి చేతే చేయించాను. కొబ్బరి కోసేరోజు పెట్రోలు పోసినప్పుడల్లా కవర్ తీసి పీచు లాగేయమని, బార్‌ని రోజుకోసారి తిరగేయమని చెప్పాను. సైకిల్ ఊచ ముక్క ఒకటి వంచి టూల్ సంచిలో వేసి ఇచ్చాను. బార్ అంచు, నీలం తిరిగినచోట కాస్త దిగబడటం అప్పటికే కనిపించింది. వచ్చే సీజన్‌కి ముందు అది మార్చాలి, దానికి ఆయన సరేనన్నారు.